పాస్టర్ గారు మౌనంగా ఉంటే కొత్త సంఘం మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: మా సంఘంలో నేను పెద్దగా ఉన్నాను. 16 ఏళ్ల క్రితం ఒక ఇంట్లో ప్రార్థన కూటంగా మొదలైన సంఘం మాది. ఇప్పుడు ఆదివారం ఆరాధనకు హాలు నిండిపోతోంది. మా విశ్వాసుల్లో 11 కుటుంబాలు గంటకు పైగా ప్రయాణం చేసి వస్తున్నాయి. వాళ్లుండే ప్రాంతంలో కొత్త సంఘం మొదలుపెట్టాలని ఐదుగురు పెద్దల్లో నలుగురం అనుకుంటున్నాం. మా సహాయ పాస్టర్ యువకుడు, వాక్యం బాగా చెబుతాడు, వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడు. పాస్టర్ గారే ముందుకు రావడం లేదు. ఒకప్పుడు ఈ మాట మొదట ఎత్తింది ఆయనే. ఇప్పుడు ఎత్తితే మౌనంగా ఉంటున్నారు. పోయిన మీటింగులో "మీకు ఎలా మంచిదనిపిస్తే అలా చేయండి" అని లేచి వెళ్లిపోయారు. ఆయనకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని పాస్టరమ్మ గారు నా భార్యతో చెప్పారట. ఆయన ఒప్పుకున్నట్టే అనుకుని ముందుకు వెళ్లమంటారా? ఆయన్ని ఎలా ప్రోత్సహించాలి? అసలు ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సంఘ పెద్ద

సమాధానం:

ప్రియమైన సహోదరుడికి వందనాలు.

ముందు మీ మొదటి ప్రశ్న. ఆయన ఒప్పుకున్నట్టే అనుకుని ముందుకు వెళ్లకండి. ఆయన ఒప్పుకోలేదు. ఆ మాట అని లేచిపోయినప్పుడు ఆయన మీకు అనుమతి ఇవ్వలేదు, ఇక వాదించే ఓపిక లేక వెళ్లిపోయారు. మినిట్స్ పుస్తకంలో ఎవరైనా "పాస్టర్ గారు అంగీకరించారు" అని రాసి ఉంటే వచ్చే మీటింగులో దాన్ని సరిచేయండి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క లైను పట్టుకుని రెండు సంఘాలూ వాదించుకుంటాయి.

మీ ఉత్తరంలో హాలు గురించి, కుటుంబాల గురించి రాసి అక్కడితో ఆగిపోలేదు. ఆయన నిద్ర గురించి కూడా రాశారు. అది చదివాక మీతో మనసు విప్పి మాట్లాడవచ్చనిపించింది. కొత్త సంఘం ఒక ప్రశ్నగా, పాస్టర్ గారి ప్రోత్సాహం ఇంకో ప్రశ్నగా అడిగారు. నేను ఈ రెంటినీ విడదీయలేను. పంపే కాపరిని, వెళ్లే కాపరిని నిలబెట్టుకోవడమే సంఘ స్థాపనలో పెద్ద పని. స్థలం, కుర్చీలు, మైకు, పేరు, ఇవన్నీ తర్వాత సమకూరుతాయి. కాపరి మనసు విరిగిపోయాక అవన్నీ ఉన్నా సంఘం నిలవదు.

ఆయన కూర్చున్న చోటు నుంచి ఈ ప్రతిపాదన ఎలా కనిపిస్తుందో ఒక్కసారి చూడండి. మీకు అవి 11 కుటుంబాలు. వాళ్లలో ఎంతోమందికి ఆయన బాప్తిస్మం ఇచ్చి ఉంటారు. వాళ్ల పెళ్లిళ్లు చేశారు, వాళ్ల తల్లిదండ్రులను సమాధి చేశారు, వాళ్ల పిల్లల పరీక్షల కోసం ఉపవాసం ఉండి ప్రార్థించారు. సహాయ పాస్టర్‌కు వాక్యం చెప్పడం నేర్పింది కూడా ఆయనే అయి ఉంటారు. ఒక ఆదివారం ఉదయం పుల్పిట్ దగ్గర నిలబడి చూసేసరికి వీళ్లెవరూ ఎదురుగా ఉండరు. పాస్టర్లు కలిసే ప్రతి చోటా మొదట వచ్చే ప్రశ్న "మీ సంఘానికి ఎంతమంది వస్తున్నారు?" అనే. ఆ ప్రశ్నకు వచ్చే ఏడాది ఆయన తగ్గిన సంఖ్య చెప్పాలి. దీనికి తోడు ఇంకో బాధ ఉండవచ్చు. కుర్రవాడి ప్రసంగాలే బాగుంటున్నాయని సంఘంలో ఎవరో అన్న మాట ఆయన చెవిన పడి ఉండవచ్చు. మీ నలుగురికీ అలాంటి ఉద్దేశం లేకపోయినా, ఆ మాట విన్న మనిషికి మీ ఉత్సాహం వేరేలా వినిపిస్తుంది.

ఇవన్నీ నా ఊహలే. అసలు కారణం వేరే కావచ్చు. కాబట్టి మీలో ఇద్దరు ఆయన దగ్గరికి వెళ్లండి. నలుగురూ వెళితే అది ఇంకో మీటింగు అవుతుంది. ఆ రోజు కొత్త సంఘం ఊసు ఎత్తకండి. "అయ్యగారూ, మీరు ఎలా ఉన్నారో తెలుసుకుందామని వచ్చాం" అనండి, ఆయన మాట్లాడేదాకా ఆగండి. మొదటిసారి ఏమీ చెప్పకపోవచ్చు. ఇన్నేళ్లుగా ఇతరుల బాధలు వినడమే అలవాటైన వ్యక్తికి తన బాధ ఎలా మొదలుపెట్టాలో వెంటనే తోచదు. రెండోసారి వెళ్లండి. ఆయన చెప్పింది మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. "పాస్టర్ గారి కోసం ప్రార్థించండి, ఆయన చాలా కుంగిపోయి ఉన్నారు" అని వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా పెట్టడం కూడా గుట్టు బయటపెట్టడమే. అలా ఒక్కసారి బయటికి పొక్కితే ఆయన మళ్లీ నోరు విప్పరు.

నిద్ర పట్టకపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఆకలి తగ్గినా, ఎప్పుడూ ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కాపరి డాక్టర్ దగ్గరికి వెళితే విశ్వాసం తక్కువైందని అనుకునేవాళ్లు ప్రతి సంఘంలోనూ కొందరు ఉంటారు. వాళ్ల నోరు మూయించాల్సిన బాధ్యత పెద్దలది.

మొదటి రాజులు 19వ అధ్యాయాన్ని మీ ఐదుగురూ కలిసి చదవండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ఏలీయా ప్రవక్త, ఒక్క బెదిరింపు విని పారిపోయి బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనతో ఎలా వ్యవహరించాడో గమనించండి. మొదట నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి భోజనం పెట్టాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. "ఇక్కడ ఏం చేస్తున్నావు" అనే ప్రశ్న ఆ తర్వాత ఎప్పటికో హోరేబు కొండ దగ్గర వచ్చింది. ప్రశ్న అడిగాక ఏలీయా తన మొర అంతా చెప్పుకుంటే విన్నాడు. ఆ తర్వాతే కొత్త పని అప్పగించాడు, ఆ పనితో పాటు ఎలీషా అనే తోడును కూడా చూపించాడు. మనం చాలాసార్లు ఈ వరసను తలకిందులు చేస్తాం. అలసిన మనిషికి ముందు కొత్త పని చెబుతాం, ఆయన తల ఊపకపోతే దర్శనం లేదంటాం.

కాబట్టి విశ్రాంతితో మొదలుపెట్టండి. జీతం తగ్గించకుండా ఒక నెల సెలవు ఇవ్వండి. ఆ నెల ప్రసంగాలు, ఆసుపత్రి దర్శనాలు, సమాధి కార్యక్రమాలు ఎవరు చూస్తారో మీరే ఏర్పాటు చేసి, ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి మరీ పంపండి. "మీరు వెళ్లిరండి, మేం చూసుకుంటాం" అంటే సరిపోదు. ఎవరు చూసుకుంటారో తెలియకపోతే ఆయన ఎక్కడున్నా ఫోన్ పట్టుకునే కూర్చుంటారు. తిరిగి వచ్చాక వారంలో ఒక రోజు ఆయన ఫోన్‌కు వచ్చే పిలుపులు ఒక పెద్దకు వెళ్లేలా చేయండి. మరణమో, ప్రమాదమో అయితేనే ఆయనకు చెప్పాలి. నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పింది ఇదే. ఒక్కడివే ఈ భారం మోస్తే నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. ప్రజలు కూడా నలిగిపోతారన్న రెండో భాగాన్ని మనం మర్చిపోతుంటాం.

ఆయన జీతం చివరిసారి ఎప్పుడు పెంచారో రిజిస్టరు తీసి చూడండి. అది నెలలో ఏ తేదీన అందుతోంది? పాస్టరమ్మ గారు స్త్రీల కూటం, సండే స్కూలు, ఇంటికి వచ్చేపోయేవాళ్ల మర్యాదలు అన్నీ ఏ జీతమూ లేకుండా చూస్తుంటారు. ఆవిడకు విశ్రాంతి ఎక్కడ ఉంది? నెల సెలవు ఇద్దరికీ కలిపి ఆలోచించండి.

ప్రసంగం మీద విమర్శ ఉంటే ఆదివారం ఆరాధన ముగిసిన గంటలో చెప్పకండి. ఆ సమయంలో ఆయన దగ్గర శక్తి ఏమీ మిగిలి ఉండదు. రెండు రోజులాగి, ఒక్కరే వెళ్లి చెప్పండి. మెచ్చుకునేటప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి, వివరంగా చెప్పండి. "ప్రసంగం బాగుందండి" అనే మాట ఆయన కొన్ని వందల సార్లు విని ఉంటారు. "క్షమాపణ గురించి మీరు చెప్పాక మా తమ్ముడికి ఫోన్ చేశాను, మూడేళ్ల తర్వాత మాట్లాడుకున్నాం" అన్న మాట ఆయనకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

కాపరికి స్నేహితుడు కావాలి. మీరు ఆయనకు ఎంత దగ్గరైనా, ఒకవైపు ఆయన జీతం నిర్ణయించే కమిటీలో ఉన్నవాళ్లు. కొన్ని సంగతులు మీతో చెప్పలేరు. ఇంకో సంఘం కాపరి, వయసులో ఆయనకు దగ్గరివాడు, ఎవరైనా ఉంటే నెలకోసారి వాళ్లిద్దరూ కలుసుకునేలా ప్రయాణ ఖర్చు సంఘమే భరించనివ్వండి. అక్కడ ఏం మాట్లాడుకున్నారని అడగవద్దు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్.అజరయ్య మాట్లాడారు. రెండేళ్ల తర్వాత 1912లో ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. మిషనరీల త్యాగాలను, వాళ్లు ఇచ్చిన ధనాన్ని గౌరవంగా ఒప్పుకుంటూనే, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ఆ సభను అడిగారు. పంపేవాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి, స్నేహం ఒక్కటే కొరవడిందని ఆ రోజు అంత పెద్ద సభలో ధైర్యంగా చెప్పగలిగారు. ఈ రోజుకీ చాలామంది కాపరుల కొరత అదే.

పౌలుకు కూడా ఆ కొరత ఉండేది. ఇన్ని సంఘాలు స్థాపించిన అపొస్తలుడు రెండవ కొరింథీయుల 7వ అధ్యాయంలో, మాసిదోనియకు వచ్చినప్పుడు తన శరీరానికి విశ్రాంతే లేదని, బయట పోరాటాలు, లోపల భయాలు ఉన్నాయని రాశాడు. దేవుడు తనను ఎలా ఆదరించాడో కూడా అక్కడే చెప్పాడు. తోటి సేవకుడు తీతు వచ్చాడు. అంతే. ఒక దర్శనమో, ఒక అద్భుతమో కాదు, ఒక మనిషి రావడంతో ఆయన తేరుకున్నాడు.

ఆయన కుదుటపడ్డాక, కొత్త సంఘం మాట మళ్లీ ఎత్తండి. ఈసారి ఒప్పించడానికి కాకుండా వినడానికి కూర్చోండి. ఆయన మౌనం వెనక మీకు తెలియని సంగతి ఉండవచ్చు. ఆ 11 కుటుంబాల్లో ఏ రెండింటికి పొసగదో ఆయనకు తెలిసి ఉండవచ్చు. సహాయ పాస్టర్ ఇంటి పరిస్థితి ఆయనకు తెలిసి ఉండవచ్చు. ఎవరో నమ్మి చెప్పిన రహస్యం కాబట్టి మీటింగులో నోరు విప్పలేకపోయి ఉండవచ్చు. ఐదో పెద్దను కూడా ఇలాగే అడగండి. నలుగురు ఒకవైపు ఉన్నంత మాత్రాన ఆ ఐదో మనిషి ప్రశ్న తప్పైపోదు.

ఒక ప్రశ్న నేను కూడా అడగాలి. ఈ సంఘం ఎవరి కోసం? దూరం నుంచి వచ్చేవాళ్ల ప్రయాణం తగ్గడం మంచిదే, అది చిన్న విషయం కాదు. కానీ అదొక్కటే కారణమైతే అవే కుటుంబాలు ఇంటికి దగ్గరగా కూర్చుంటాయి, అంతకు మించి జరగదు. ఆ ప్రాంతంలో సువార్త విననివాళ్లు ఎవరున్నారు, ఈ కుటుంబాలకు వాళ్లతో స్నేహం ఉందా, ఆ ఇళ్ల తలుపులు ఇప్పటికే కొంచెం తెరుచుకున్నాయా అని చూడండి. అక్కడ ఇప్పటికే ఒక సంఘం ఉంటే మీ పాస్టర్ గారు ముందు ఆ కాపరిని కలిసి మాట్లాడాలి. వేరొకరు వేసిన పునాది మీద కట్టకూడదని పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో రోమీయుల 15వ అధ్యాయంలో ఉంది. పక్క సంఘం విశ్వాసులు పదిమంది మన దగ్గరికి వస్తే మన సంఖ్య పెరుగుతుందేమో గానీ, ప్రభువు సంఘం ఒక్క ఆత్మ కూడా పెరగదు. పైగా అక్కడ ఇంకో కాపరికి నిద్ర కరువవుతుంది.

ఇప్పుడు అంతియొకయ సంఘం సంగతి చెప్పనివ్వండి. మీ పరిస్థితికి ఇంతకంటే దగ్గరగా ఉన్న ఉదాహరణ నాకు తోచడం లేదు. అపొస్తలుల కార్యములు 11లో, అంతియొకయలో కొత్త విశ్వాసులు పోగవుతున్నారని విని యెరూషలేము సంఘం బర్నబాను పంపింది. అతను వెళ్లి తప్పులు వెతకలేదు. దేవుని కృపను చూసి సంతోషించాడు. పని పెద్దదని గ్రహించి తార్సుకు వెళ్లి సౌలును, అంటే పౌలును, వెతికి తీసుకొచ్చాడు. ఒక సంవత్సరమంతా ఇద్దరూ కలిసి బోధించారు. 13వ అధ్యాయం వచ్చేసరికి ఆ సంఘంలో ఐదుగురు ప్రవక్తలు, బోధకులు ఉన్నారు. బర్నబా, నీగెరు అనే సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదుతో కూడా పెరిగిన మనయేను, సౌలు. వాళ్లు ఉపవాసంతో ఆరాధిస్తుండగా పరిశుద్ధాత్మ అడిగింది ఎవరిని? మొదటి నుంచి బోధిస్తూ వచ్చిన ఆ ఇద్దరినే. సంఘానికి వాళ్లు లేనిదే గడవదు అనిపించే ఆ ఇద్దరి మీద, మిగిలిన ముగ్గురూ చేతులుంచి పంపించారు.

నేను ఆ ముగ్గురి గురించి ఆలోచిస్తుంటాను. వాళ్ల ప్రయాణాల కథ ఎవరూ రాయలేదు. ఇద్దరు వెళ్లిపోయాక వచ్చిన ఆదివారాలను వాళ్లే నడిపించి ఉంటారు. 14వ అధ్యాయం చివర పౌలు, బర్నబా తిరిగి వచ్చి దేవుడు చేసిన కార్యాలన్నీ చెప్పింది ఆ సంఘానికే. తర్వాత చాలా కాలం అక్కడే ఉన్నారు. పంపిన సంఘం చెదిరిపోలేదు, పంపబడినవాళ్లకు అది ఇల్లుగా మిగిలింది. మీ పాస్టర్ గారి స్థానం ఆ ముగ్గురి స్థానం. ఆయన ఇష్టపూర్వకంగా చేతులుంచి పంపితేనే వెళ్లేవాళ్లు పంపబడినవాళ్లు అవుతారు. ఆయన చేతులు లేకుండా వెళితే, మీరు ఎంత మంచి పేరు పెట్టినా చూసేవాళ్లు దాన్ని చీలిక అనే అంటారు, కొన్నాళ్లకు అలాగే అవుతుంది కూడా.

సహాయ పాస్టర్ వాక్యం బాగా చెబుతాడని రాశారు. అది చాలదు. మొదటి తిమోతి 3వ అధ్యాయంలో అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపించేవాడికి, ఉండవలసిన లక్షణాలు చదివితే, బోధించగలగడం వాటిలో ఒకటి మాత్రమే. మిగిలినవి చాలావరకు స్వభావానికి, ఇంటికి, డబ్బుకు, పేరుకు సంబంధించినవి. ఎవరూ చూడనప్పుడు రోగుల దగ్గరికి వెళుతున్నాడా? తప్పు చెబితే ఎలా తీసుకుంటున్నాడు? అతని భార్యకు ఈ పని ఇష్టమేనా? ఈ చివరి ప్రశ్న అతన్ని అడగవద్దు. మీ ఇంట్లో ఆడవాళ్లు ఎవరైనా ఆమెనే విడిగా, తీరిగ్గా అడగాలి. ఆమె "భయంగా ఉంది" అంటే ఆ భయం ఏమిటో తేలే వరకు ఆగండి.

అతన్ని ఒంటరిగా పంపకండి. కాస్త వయసు, నెమ్మది ఉన్న ఒక కుటుంబం అతనితో వెళ్లాలి. అకుల, ప్రిస్కిల్ల లాంటివాళ్లు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో రోమా విడిచి కొరింథు వచ్చిన ఆ దంపతులు డేరాలు కుట్టి బతికారు, పౌలును ఇంట్లో పెట్టుకున్నారు, ఆయనతో ఎఫెసుకు వెళ్లారు. ఎఫెసులో వాళ్ల ఇంట్లో సంఘం, తర్వాత రోమాలో వాళ్ల ఇంట్లో సంఘం. మంచి వక్త అయిన అపొల్లో బోధలో కొరత కనిపించినప్పుడు, వాళ్లు సమాజమందిరంలో అందరి ముందూ దిద్దలేదు. ఇంటికి తీసుకెళ్లి దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పారు. అపొల్లో అవమానపడలేదు, అకయకు వెళ్లి విశ్వాసులకు ఎంతో సహాయం చేశాడు. మీ యువ కాపరికి కావలసింది సరిగ్గా ఇలాంటి ఇల్లు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న. ఆదివారం ఆరాధనతో మొదలుపెట్టకండి. ఆ ప్రాంతంలో ఒకరి ఇంట్లో వారం మధ్యలో ప్రార్థన, బైబిల్ స్టడీ పెట్టండి. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది అలాగే నడవనివ్వండి. ఆదివారం అందరూ ఎప్పటిలాగే తల్లి సంఘానికి వస్తారు. ఆ కూటానికి ఇరుగుపొరుగు వస్తున్నారా, వచ్చినవాళ్లు మళ్లీ వస్తున్నారా అన్నది అప్పుడు తెలుస్తుంది. పాస్టర్ గారు అప్పుడప్పుడు అక్కడికి వెళ్లి కూర్చుంటే, దూరం నుంచి భయంగా కనిపించింది దగ్గర నుంచి ఆయనకే ప్రియమవుతుంది. తర్వాత నెలకో ఆదివారం, ఆ తర్వాత ప్రతి ఆదివారం.

భవనం గురించి ఇప్పుడే ఆలోచించకండి. జాన్ నీవియస్ అని చైనాలో పనిచేసిన ప్రెస్బిటేరియన్ మిషనరీ 1890లో సియోల్ వెళ్లి, కొరియాలో అప్పుడే సేవ మొదలుపెట్టిన యువ మిషనరీలతో రెండు వారాలు గడిపారు. విశ్వాసులు ఎవరి వృత్తిలో వాళ్లు ఉంటూనే సాక్ష్యం ఇవ్వాలి, స్థానికులు మోయగలిగినంత వ్యవస్థే పెట్టాలి, తమ సేవకులను వాళ్లే పోషించుకోవాలి, మందిరం వాళ్లే తమ శక్తి మేరకు కట్టుకోవాలి అన్నది ఆయన పద్ధతి. అక్కడి మిషనరీలు దాన్నే అనుసరించారు. కొరియా సంఘాల ఎదుగుదలకు వేరే కారణాలూ ఉన్నాయి, కానీ మొదటి నుంచి బరువు తామే మోసిన విశ్వాసుల పట్టుదల వాటిలో తక్కువది కాదు. మీ 11 కుటుంబాలు అద్దె స్థలంలో కూర్చుని సొంత కానుకలతో అద్దె కట్టడం నేర్చుకోవడం, మీరు కట్టించి ఇచ్చిన మందిరంలో కూర్చోవడం కంటే మేలు.

యువ కాపరి జీతంలో తల్లి సంఘం ఎంత ఇస్తుంది, ఎన్నేళ్లు ఇస్తుంది అన్నది ముందే కాగితం మీద రాసి రెండు వైపులా సంతకాలు చేయండి. మూడేళ్లు, ఏటా కొంత తగ్గిస్తూ, అన్నది చాలా చోట్ల నప్పే పద్ధతి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, కాపరి సంతకం వాటిలో ఉండకపోతేనే ఆయనకు క్షేమం.

పంపే రోజు ఆరాధన, చేతులుంచి ప్రార్థన మీరు బాగానే చేస్తారు. నాకు దిగులుగా ఉన్నది ఆ తర్వాతి ఆదివారం గురించి. సండే స్కూలు టీచర్లలో ఇద్దరు వెళ్లిపోయి ఉంటారు, కీబోర్డు వాయించే కుర్రాడు ఉండడు, ముందు వరసలు ఖాళీగా ఉంటాయి. అందుకే వెళ్లేవాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్లకు ఆరు నెలల ముందే శిక్షణ మొదలుపెట్టండి. ఆ ఆదివారం పెద్దలు కుటుంబాలతో వచ్చి ముందు వరసల్లో కూర్చోండి. కానుకలు తగ్గుతాయి. ఎందుకు తగ్గాయో సంఘానికి వివరించాల్సింది మీరు, ఆయన కాదు. హాజరు గురించి ఆయన ముందు కొన్ని నెలలు మాట్లాడకండి. ఎవరైనా "సంఘం సన్నబడింది" అంటే, "మేం పంపించాం" అని మీరే జవాబు చెప్పండి. వెళ్లే కాపరి కోసం అందరూ ప్రార్థిస్తారు, అతని వెనక ఉత్సాహం ఉంటుంది. ఉండిపోయే కాపరిని ఎవరూ పట్టించుకోరు. ఆ ఏడాది ఎక్కువ ఆదరణ కావలసింది ఆయనకే.

యువ కాపరికి కష్టకాలం తర్వాత వస్తుంది. మొదటి ఏడాది కొత్తదనం మీద నడిచిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లలో కొందరు మానేసి, వెంట వెళ్లిన కుటుంబాల్లో ఒకటి అలిగి తిరిగి వచ్చేసినప్పుడు అతనికి టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి మీ వైపు ఉత్సాహం చల్లారి ఉంటుంది. పౌలు, బర్నబా మొదటి ప్రయాణంలో దెర్బే దాకా వెళ్లారు. అక్కడి నుంచి తూర్పుగా సాగితే పౌలు సొంత ఊరు తార్సు. వాళ్లు అటు వెళ్లకుండా, రాళ్లతో కొట్టి చచ్చాడనుకుని పౌలును ఈడ్చి పారేసిన లుస్త్రకే తిరిగి వెళ్లారు, ఈకొనియకు, పిసిదియలోని అంతియొకయకు వెళ్లారు. శిష్యుల మనసులను దృఢపరచి, ప్రతి సంఘంలో పెద్దలను ఏర్పరచి, అప్పుడు ఇంటికి వచ్చారు. ఈ తిరుగు ప్రయాణం లేకపోతే ఆ సంఘాలు ఏమయ్యేవో. మీరు కూడా నెలకో పెద్ద వెళ్లి అక్కడ ఆరాధనలో కూర్చునేలా, మూడు నెలలకోసారి ఇద్దరు కాపరులు పుల్పిట్లు మార్చుకునేలా క్యాలెండరులో ఇప్పుడే రాసుకోండి. వెళ్లినప్పుడు "ఎంతమంది వచ్చారు?" అని అడగవద్దు. అతను ఎలా ఉన్నాడో, భార్యాపిల్లలు ఎలా ఉన్నారో అడగండి. సంఖ్య అతనే చెబుతాడు.

ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని సంఘాలు నిలవవు. అలా జరిగితే ఏం చేయాలో పంపకముందే మాట్లాడుకుని ఒప్పంద పత్రంలో చేర్చండి. ఏ స్థితి వస్తే ఆపుతాం, విశ్వాసులు ఎక్కడికి వస్తారు, ఆ కాపరికి తల్లి సంఘంలో ఏ పని ఉంటుంది అన్నవి. మార్కు అనే యోహాను పంఫూలియలో పనిని వదిలి వెనక్కి వచ్చేశాడు. అతన్ని మళ్లీ తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు, బర్నబా తన వెంట కుప్రకు తీసుకెళ్లాడు. ఏళ్ల తర్వాత రెండవ తిమోతి 4వ అధ్యాయంలో, అతను నాకు సేవలో ప్రయోజనకరుడు, వెంటబెట్టుకుని రమ్మని పౌలే రాశాడు. మధ్యలో అతన్ని ఎవరూ చేరదీయకపోతే ఆ ఉత్తరంలో ఆ వాక్యం ఉండేది కాదు. మీ యువకుడికి కూడా తిరిగి రావడానికి ఒక తలుపు తెరిచి ఉందని వెళ్లే ముందే తెలియాలి.

వచ్చే నెల మీటింగు ఎజెండా నుంచి కొత్త సంఘం అంశాన్ని ప్రస్తుతానికి తీసేయండి. దాని స్థానంలో పాస్టర్ గారి సెలవు అంశం పెట్టి, ఆయన వచ్చేలోపే మీ ఐదుగురూ తేదీలు ఖాయం చేసుకోండి.